గుట్టను కడిగేవాళ్లు లేరు

అటవీశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ చేతికివ్వగానే అందరిదీ ఒకే ప్రశ్న. "సార్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" వాళ్లకు కావాల్సింది ఎర్రచందనం దొంగలు, జీపుల్లో తరుముకోవడాలు, తుపాకీ చప్పుళ్లు. అవి చెప్పేవాళ్లు మన శాఖలో కావాల్సినంత మంది ఉన్నారు. చెప్పిన ప్రతిసారీ ఆ దొంగలు ఇంకో పదిమంది పెరుగుతారు కూడా. నా పెద్ద కేసులో దొంగ లేడు, గొడ్డలి లేదు, పట్టుకున్న దుంగ లేదు. ఒక గుట్ట పోయింది, అంతే. నేను రేంజరుగా ఉండగానే, నా కళ్ల ముందే పోయింది.

నాది జమ్మలమడుగు. మిషను కాంపౌండులో పుట్టి పెరిగాను. మా నాయన మిషను బడిలో లెక్కల అయ్యవారు. మాకు సెంటు భూమి లేదు, కాబట్టి పార్టీ కూడా లేదు. ఫ్యాక్షను ముదిరిన ఆ రోజుల్లో మా జిల్లాలో పార్టీ లేనివాడంటే రెండు వర్గాల ఇళ్లలోనూ మంచినీళ్లు తాగగలిగినవాడని అర్థం. నా ఉద్యోగంలో పనికొచ్చిన చదువు అదొక్కటే అని కొన్నిసార్లు అనిపిస్తుంది.

చీనీ చెట్టు అంటే ఏమిటో ముందు తెలుసుకోండి

మీలో కోస్తా నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. చీనీ అంటే మీరు బత్తాయి అంటారే, అదే. నా మొదటి పోస్టింగు పులివెందుల వైపు. ఒక పొద్దున అడవికి పోతుంటే దారిలో జనం గుమిగూడి ఉన్నారు. జీపు ఆపి చూస్తే తోట తోటంతా మోకాలెత్తున నరికేసి ఉంది. పచ్చికాయలు పాదుల్లో దొర్లుతున్నాయి. తెగిన కొమ్మల వాసన రోడ్డు దాకా కొడుతోంది. తోట ఆసామి మొద్దుల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. నేను పలకరించబోతే ఎవరో పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు పో సారూ. ఇయ్యాల చెట్లయినాయి. రేపు మనుషులు."

ఆయన అన్నట్టే జరిగింది. ఆ వివరాలు ఇక్కడ వద్దు.

బోరు వేసి, అది ఎండితే ఇంకో బోరు వేసి, ఎండాకాలంలో బిందెలతో మోసి పోసి పెంచిన తోటను కాపుకొచ్చే వేళకు నరికారంటే అది కబురన్నమాట. తర్వాత నీ వంతు అని చెప్పడం. పోలీసులకూ, మాకూ, బడిపిల్లలకూ కూడా ఆ కబురు అర్థమయ్యేది. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది.

మేకల మీద పెట్టిన నింద

ప్రొద్దుటూరు రేంజికి మారాక ఎర్రగుంట్ల వైపున్న నల్లగుట్ట నా కిందికి వచ్చింది. పెద్ద అడవేమీ కాదు. చండ్ర, బిల్లుడు, రేల, మోదుగ, కింద కలే పొదలు. వాలంతా సీతాఫలం చెట్లు. వానలు తగ్గాక నల్లగుట్టపల్లె ఆడవాళ్లు సీతాఫలాల గంపలతో బస్సెక్కితే కండక్టరు తిట్టేవాడు, తిడుతూనే ఒక పండు అడిగి తీసుకునేవాడు. గుట్టకు ఒక పక్క ఊరు, ఇంకో పక్క సిమెంటు ఫ్యాక్టరీ.

గుట్ట పలచబడుతోందని శాఖకు తెలుసు. కారణం మా పై అధికారి డీఎఫ్ఓగారికి ఇంకా బాగా తెలుసు. "మేకలయ్యా, మేకలు!" అనేవారు. గోదావరి మనిషి. మంచివాడే, వెటకారం జాస్తి. మేకల కాపర్ల మీద కేసులు రాయమన్నారు, అందరం రాశాం. తీరా కాస్త నిలబడి చూస్తే ఫ్యాక్టరీ వైపు వాలును మేకలు ముట్టుకోవడమే లేదు. అక్కడి ఆకు నోట్లో పెడితే సిమెంటు. అందుకని అవి మంచి ఆకు వెతుక్కుంటూ అడవి లోపలికి పోతున్నాయి. లోపల దొరికిన మేకను చూపించి, అడవిని తినేసింది ఇదేనని మేము కేసు కడుతున్నాం. మన తెలివి అట్లా ఉండేది.

జరుగుతున్నది ఇది. బట్టీ పొగలో దుమ్ము ఉంటుంది, బొగ్గులోని గంధకం కాలి వచ్చే వాయువు ఉంటుంది. రాత్రి మంచు పడితే ఆ వాయువు తడిలో కలిసి పులుపెక్కి ఆకు అంచుల్ని కాలుస్తుంది. దుమ్ము అదే తడికి గట్టిపడి, గోడకు పూత పూసినట్టు ఆకుకు పట్టేస్తుంది. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు మూసుకుపోతాయి. మీరు ట్రెయినింగులో చదివిన ఆమ్లవర్షం కోసం మన దగ్గర వెతక్కండి. మన నేలలో సున్నం ఎక్కువ, పులుపును చాలామటుకు విరిచేస్తుంది. మన కీడు పొడిగా, సద్దు లేకుండా, ఏళ్లతరబడి రాలుతుంది.

ముందు బండల మీది రాతిపువ్వు పోయింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. తర్వాత రాలిన ఆకు కుళ్లడం మానేసింది. కిందపడిన ఆకు రేకులాగా అట్లాగే ఉండేది, చెద కూడా పట్టేది కాదు. నేల పైన పెచ్చు కట్టి వాననీళ్లు లోపలికి దిగకుండా జారిపోయేవి. మొలకలు రాలేదు. సీతాఫలాలు నిమ్మకాయంత పెరిగి, నల్లబడి, కొమ్మకే ఎండిపోయేవి. చెట్లు మాత్రం నిలబడే ఉన్నాయి. జీపులో పోతూ చూసేవాడికి అడవి ఉన్నట్టే కనిపిస్తుంది. అసలు మోసం అక్కడే ఉంది.

లక్ష్మమ్మ పెట్టిన ఎసరు

నల్లగుట్టపల్లెలో రెండు వర్గాలు. ఒకటి గురివిరెడ్డిది, ఇంకొకటి నాగసుబ్బారెడ్డిది. చెరొక రాజకీయ పార్టీ జెండా పట్టుకునేవాళ్లు. జెండాలు ఎన్నికలకోసారి అటూ ఇటూ అయ్యేవి కానీ పగ మాత్రం పదిలంగా ఉండేది. ఇద్దరూ బావాబామ్మర్దులు. నాగసుబ్బారెడ్డికి అక్క లక్ష్మమ్మ, ఆమే గురివిరెడ్డి భార్య. ఆమె పుట్టింటికీ మెట్టింటికీ మధ్య ఒక్క వీధి. ఆ వీధి దాటక ఆమెకు ఎన్నో ఏళ్లయింది.

గురివిరెడ్డి చీనీతోట గుట్టకు ఆనుకుని ఉంది. ఆ ఏడు చెట్లు పసుపుబారాయి. పిందె రాలిపోయింది. కొమ్మలు చివరల నుంచి ఎండుతూ వస్తున్నాయి. గొడ్డలిగాటు ఎక్కడా లేదు. అయినా ఊరు తీర్పు చెప్పేసింది. నరికితే పేరు బయటికొస్తుందని పాదుల్లో యాసిడ్ పోశారని. పోసిందెవరు? ఇంకెవరు, బామ్మర్ది మనుషులు.

ఇంకో చోట చెట్టు ఎండితే చీడేమో, నీటికరువేమో అంటారు. మా దగ్గర మాత్రం శత్రువు ఇంటి వైపు చూస్తారు. తలల మీదికి పైనుంచి పొగ రాలుతుంటే ఒక ఊరు ఊరంతా తలవంచి పాదుల్లో యాసిడ్ వెతికింది. ఇంత నవ్వొచ్చే పొరపాటును నేను చూడలేదు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం లక్ష్మమ్మ రేంజి ఆఫీసుకు వచ్చింది. ప్రొద్దుటూరులో బట్టలు కొనాలని ఇంట్లో చెప్పి వచ్చిందట.

"సారూ, నువ్వు చెట్ల ఆపీసరువే గదా?"

"అవునమ్మా. ఏంది పని?"

"మా చీనీచెట్లు యాల సస్తాండాయో వచ్చి సూడు. సూసి ఊరుకుంటే కాదు, మా ఇంటాయప్పకు నోరు తెరిచి చెప్పాల."

"పట్టా భూమిలో చెట్లు నా కిందికి రావు తల్లీ. హార్టికల్చరోళ్లను అడుగు."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంట్లో జనం దిగినారు సారూ. పైఊర్లోల్లు. పెద్ద గుండిగలో ఎసరు పెడతాండా. వండేది నేనే, వడ్డించేది నేనే. వాండ్లు తిని ల్యాచి మా తమ్ముని మీదికి పోతారు."

ఉద్యోగంలో నాకు దండాలు పెట్టినవాళ్లు చాలామంది. ఆమె దండం పెట్టలేదు. నా మేజా మీద రెండు చేతులూ ఆనించి నిలబడి, "నా చేతి కూడు తిని పోతారు" అని మళ్లీ అంది.

ఒక్క వరుస

ఆ సాయంత్రమే పోయాను. పోయే ముందు తోట చూసి, గుట్టెక్కి సీతాఫలం కొమ్మ ఒకటి, బిల్లుడు కొమ్మ ఒకటి విరుచుకున్నాను. గురివిరెడ్డి అరుగు మీద మంచం వాల్పించి మజ్జిగ ఇప్పించాడు. మర్యాదలో ఆయనకు లోటు లేదు. పెరట్లో కొత్త మొహాలు చాలా కనిపించాయి.

"రేంజరు సారూ, ఒక్కటే మాట చెప్పు. నా చెట్లకు మందు పోసినారా, ల్యాదా?"

"పోయలేదన్నా. ఈ కొమ్మలు సూడు. నీ చెట్లకున్న రోగమే వీటికీ ఉండాది. అదే పసుపు, అదే మాడిన అంచు. ఇవి గుట్ట మీదివి. గుట్టకు యెవురితో పగ?"

ఆయన నవ్వాడు. "సదువుకున్నోనివి, మాటలు బాగుండాయి. గుట్ట యాడన్నా పోనీ. నా చెట్లు నా కండ్ల ముందర సస్తాండాయి గదప్పా!"

మాటలతో అయ్యేది కాదని తెలిసిపోయింది. అప్పుడు తోచిందే చెప్పాను. తోటలో ఒక్క వరుస తీసుకోండి. రోజూ మంచు ఆరకముందే ఆ వరుసలో ఆకులన్నీ తడిగుడ్డతో తుడిచి కడగండి. పక్క వరుసను ముట్టుకోవద్దు. వేళ్లలో విషముంటే ఎంత కడిగినా ఏ వరుసా చిగురించదు. కడిగింది చిగురించి కడగనిది అట్లాగే ఉంటే, విషం పైనుంచి వస్తున్నట్టు. మాఘంలో చీనీకి చిగురొస్తుంది, అంతవరకు ఆగండి అన్నాను.

"అంతదాంక ఈ జనాన్ని మేపాల్నా నేను?"

తలుపు వెనక నుంచి లక్ష్మమ్మ గొంతు వినిపించింది. "మేపేది నేను గదా. వండి పెడతా."

"చెట్లు కడిగేదెవురు?"

"నేనే."

గురివిరెడ్డి మీసం దువ్వుకున్నాడు. "సరే సారూ. చిగురు రాకుంటే మల్ల నన్ను నిలేసేదానికి రావాకు."

మీకు నిజం చెప్పాలి. నాకు నమ్మకం లేదు. గంధకానికి మాడిన కొమ్మను కడిగితే తిరిగి రాదు. చెట్టులో ఎంత ప్రాణం మిగిలి ఉందో పైకి కనిపించదు. ఒక మనిషి ప్రాణాన్ని చీనీచిగురుకు కట్టి వచ్చాను. ఆ రాత్రి ప్రార్థన చేసుకుంటుంటే మా ఆవిడ వింతగా చూసింది. ఆదివారం కూడా చర్చికి బలవంతాన లాక్కుపోవాల్సిన మనిషిని కదా నేను.

వీలైనప్పుడల్లా పొద్దున్నే అటు వైపు పోయేవాణ్ణి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆమె బకెట్టు పక్కన పెట్టుకుని, పాత చీరముక్కతో ఒక్కో ఆకూ తుడుస్తూ ఉండేది. పెచ్చు ఊరికే రాదు, రుద్దాలి. సున్నానికి ఆమె వేళ్లు పగిలాయి. కూలీలను పెట్టుకోమంటే ఒప్పుకోలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి, ఆ నింద కూడా తమ్ముడి మీదికే పోతుందని ఆమె భయం.

"మా తమ్మునికి చిన్నప్పుడు ఇట్లనే మొగం కడిగి బడికి పంపేదాన్ని సారూ," అంది ఒకరోజు, ఆకు తుడుస్తూ. "ఒగటే ముక్కు కారేటోడు. కడిగించుకోమంటే ఊరంతా ఉరికిస్తాండె నన్ను."

ఆమె ఇంటికెళ్లి వంట చేస్తే, అది తినేవాళ్లు ఆ ముక్కు కారే పిల్లవాడి కోసమే కదా కూర్చుని ఉన్నది.

మాఘం వచ్చింది. గురివిరెడ్డి కబురు పంపితే పోయాను. కడిగిన వరుస లేతపచ్చగా కొమ్మకొమ్మకూ చిగురు తొడిగి ఉంది. పక్క వరుస సున్నం కొట్టిన గోడలాగా అట్లాగే ఉంది. ఆయన కడగని చెట్టు దగ్గర నిలబడి ఒక ఆకును గోటితో గీకాడు. పెచ్చు లేచింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, తలెత్తి ఫ్యాక్టరీ గొట్టం వైపు చూశాడు.

"నీ యవ్వ! నువ్వా నా కొడకా!" అన్నాడు గొట్టాన్ని.

తర్వాత భార్య వైపు తిరిగాడు. "జనాన్ని ఊర్లకు పొమ్మని చెప్తా. నీ తమ్మునికి కబురు పంపుపో."

లక్ష్మమ్మ ఆ పాదులోనే కూలబడి, పగిలిన చేతుల్లో మొహం దాచుకుని గట్టిగా ఏడ్చింది. నేను పక్కకు తిరిగి చెట్లు చూస్తున్నట్టు నటించాను. నా కళ్లూ తడిగానే ఉన్నాయి.

అడవి తరఫున ఎవరు

ఇక గుట్ట గెలిచినట్టేనని ఎగిరాను. కళ్లతో చూసిన రుజువు దొరికింది కదా! డీఎఫ్ఓగారు అంతా శ్రద్ధగా విన్నారు. ఆ రోజు వెటకారం చేయలేదు.

"నీ గుట్ట ఫిర్యాదు ఇవ్వదయ్యా. ఆ రెడ్డితో చెప్పించు. చెట్లు ఆయనవి, చూసింది ఆయన. ఆయన చెబితే ఎంత దూరమైనా పోదాం."

ఆయన్ని తప్పు పట్టలేను. గొడ్డలి పట్టుకున్నవాణ్ణి పట్టుకునే అధికారం మనకుంది. పొగకు ఇంకో ఆఫీసు ఉంది. ఆ ఆఫీసువాళ్లు హైదరాబాదు నుంచి వచ్చారు కూడా. గాలి కడిగినట్టున్న వానాకాలంలో వచ్చి, పొగ రాని దిక్కున యంత్రం పెట్టి, అంతా బాగానే ఉందని పోయారు.

గురివిరెడ్డి నా మాట పూర్తి కానివ్వలేదు. "సారూ, ఈ రాజీ దేని మీద నిలబడి ఉండాదనుకుంటాండావు? రాజీ అయినప్పట్నుంచి ఫ్యాక్టరీకి రాయి తోలేది సగం నా లారీలు, సగం నా బామ్మర్దివి. ఇద్దరికీ కడుపు నిండుతాంది గాబట్టి కత్తులు లోపలుండాయి. నేను ఫ్యాక్టరీ మీద మాట్లాడితే వాని లారీలు నిలబడతాయి. మల్ల మొదటికొస్తాది. నీ పుణ్యం, ఈ మాట నన్ను అడగాకు."

ఎన్నికలొచ్చాయి. రెండు జెండాలవాళ్లూ రెండు సభలు పెట్టి ఒకే మాట చెప్పారు, ఆ ఫ్యాక్టరీ మన ప్రాంతానికి ప్రాణమని. వాళ్లిద్దరూ ఒక్కమాట మీద ఉండడం నేను చూసింది అదొక్కసారే.

చివరికి లక్ష్మమ్మను అడిగాను.

"తమ్ముని కోసరం చెట్లు కడిగినా సారూ," అంది. "గుట్ట కోసరం నోరు తెరిస్తే మల్లా గుండిగ పొయ్యి మీదికి ఎక్కుతాది. నువ్వే చెప్పు, తెరవమంటావా?"

తెరవమని అనలేదు. అనగలిగేవాడు మనిషి కాడు. ఒక వరుస చీనీచెట్లను ఒక ఆడమనిషి కడిగి నిలబెట్టింది. గుట్టనెవరు కడుగుతారు? ఎన్ని చేతులు కావాలి? ఆ ఊళ్లో మనుషులందరికీ ఏదో ఒక పార్టీ ఉంది. అడవికి లేదు.

తర్వాత రెండేళ్లలో గురివిరెడ్డి తోటను ఫ్యాక్టరీకే అమ్మేశాడు, రాయి కుప్పలు పోసుకోవడానికి. ఆమె కడిగిన వరుసతో సహా. నన్ను వేరే జిల్లాకు మార్చారు.

పిల్లలూ, మీకు ఒక్కటే చెబుతాను. ఏ బీటులో వేసినా ముందు ఒక ఆకు తెంపి, సగం తడిగుడ్డతో తుడవండి. రెండు సగాలూ పక్కపక్కన చూడండి. తేడా కనిపిస్తే మేకల మీద కేసులు తర్వాత రాద్దురు. అది చూశాక ఏం చెయ్యాలో నాకు తెలియదు. తెలిసుంటే నల్లగుట్ట ఉండేది.

ఈమధ్య పోయి చూశాను

రిటైరయ్యాక చాలాకాలం అటు పోలేదు. నిరుడు ఎర్రగుంట్లలో పెళ్లికి పోయి, మనసాగక ఆటో మాట్లాడుకుని నల్లగుట్టపల్లెకు పోయాను. గుట్ట ఉంది, కానీ బోడిబండ. అక్కడక్కడా కలే పొదలు, బూడిద రంగులో.

గురివిరెడ్డి, నాగసుబ్బారెడ్డి అరుగు మీద కూర్చుని పులిజూదం ఆడుతున్నారు. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. ఇద్దరూ దగ్గుతున్నారు. నన్ను గుర్తుపట్టి పెద్దగా అరిచారు, కూర్చోమన్నారు, మళ్లీ ఆటలో పడి కొట్లాడుకున్నారు. లక్ష్మమ్మ కుర్చీ మీది దుమ్ము కొంగుతో తుడిచి వేసింది. లోపలికి పోయి ఒక సీతాఫలం తెచ్చి నా చేతిలో పెట్టింది. నిమ్మకాయంత ఉంది. నల్లగా, గట్టిగా ఉంది.

"గుట్టమిందిదే సారూ. నీకు చూపిద్దామని దాచిపెట్టినా. ఇంగ ఇవి గూడా రావడంల్యా."

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

"సారూ, ఒగ మాట అడుగుతా. ఆ పొద్దు నేను నీ ఆపీసుకు వచ్చి అడిగింది మా తమ్ముణ్ణి. గుట్టను గూడా అడిగింటే ఇచ్చేటోనివా?"

అరుగు మీద నాగసుబ్బారెడ్డి, "బావా, నీ పులిని కట్టేసినా సూడు!" అని కేకపెట్టాడు.

"లేదమ్మా," అన్నాను. "అది నా చేతిలో ల్యాకపాయ."

"అట్లయితే అడగందే మేలయింది," అంది ఆమె. లేచి లోపలికి పోయి తమ్ముడికి కాఫీ తెచ్చింది. వాకిలి దాటేటప్పుడు గ్లాసులో దుమ్ము పడకుండా అరచెయ్యి మూతపెట్టుకుని అతని దగ్గరికి నడిచింది.